లారీ కన్వర్టర్‌కు ఏ ఫ్యూజు వేయాలి? లెక్క తీగ దగ్గర మొదలవ్వాలి

చీమకుర్తి క్వారీల నుంచి గ్రానైట్ దిమ్మెలు ఎత్తుకుని కృష్ణపట్నం రేవుకో చెన్నైకో వెళ్లే భారీ లారీల్లో సాధారణంగా రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపి ఉంచుతారు. బండి మొత్తం 24 వోల్టుల మీద నడుస్తుంది. డ్రైవరు క్యాబిన్‌లో పెట్టుకునే పాటల సెట్టు, చిన్న ఫ్యాను, ఫోను చార్జరు, అలంకరణ లైట్లు మాత్రం చాలావరకు 12 వోల్టులవే. ఈ రెండింటి మధ్య పనిచేసేది కన్వర్టర్. దీన్నే చాలామంది రిడ్యూసర్ అంటారు. దానికి ఏ ఫ్యూజు వేయాలన్న ప్రశ్నకు బండ్లు ఆగే చోట సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. ‘కన్వర్టర్ మీద 10 ఆంప్స్ అని ఉంది కదా, పది వేస్తే సరి’ అన్నది ఒకటి. ‘పది పోతోందా, అయితే ముప్పై వేయండి’ అన్నది రెండోది. మొదటిది ఒక్కోసారి అదృష్టవశాత్తు సరైనదవుతుంది. రెండోది మాత్రం ప్రమాదకరం, క్యాబిన్‌లో మంటలు పుట్టడానికి దారి తీసే సలహా.

అసలు కన్వర్టర్ ఎందుకు, రెండు బ్యాటరీల మధ్య నుంచి ఒక తీగ లాగితే 12 వోల్టులు వస్తాయి కదా అని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. వస్తాయి, కానీ లోడు మొత్తం ఒక్క బ్యాటరీ మీదే పడుతుంది. ఆల్టర్నేటర్ మాత్రం రెండింటినీ కలిపి 28 వోల్టుల దగ్గర చార్జి చేస్తుంది. వాడకం పడిన బ్యాటరీ ఎప్పుడూ సగం ఆకలితో ఉండిపోతుంది, రెండోదానికి అవసరానికి మించి చార్జి పడి ఆమ్లం మరిగి ఎండిపోతుంది. కొన్ని నెలలకు రెండూ పాడవుతాయి. అందుకే మధ్య నుంచి లైను తీయడం చవకగా కనిపించినా చివరికి ఖరీదైన పని.

ఇక ఫ్యూజు సంగతి. ఫ్యూజు కన్వర్టర్‌ను కాపాడుతుందన్న నమ్మకమే తప్పులన్నింటికీ మూలం. కన్వర్టర్ లోపలి ట్రాన్సిస్టర్లు చెడిపోవడానికి సెకనులో వెయ్యో వంతు చాలు. అంత వేగంగా కరిగే ఫ్యూజు ఈ ధరలో దొరకదు. ఫ్యూజు కాపాడేది బ్యాటరీ నుంచి కన్వర్టర్ దాకా పాకిన తీగను. నెల్లూరు చెరువుకు కలుజు ఎందుకుందో తెలిసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఎక్కువైన నీరు అక్కడ పొర్లిపోతేనే కట్ట నిలుస్తుంది, నీళ్లు ఇంకొంచెం నిలవాలని కలుజు ఎత్తు పెంచితే తెగేది కట్టే. పోతున్న ఫ్యూజు స్థానంలో పెద్దది వేయడం కలుజు ఎత్తు పెంచడమే.

కాబట్టి ఫ్యూజుకు రెండు హద్దులు ఉంటాయి. కన్వర్టర్ మామూలుగా పనిచేస్తూ లాగే అత్యధిక కరెంటుకు అది తగినంత పైన ఉండాలి, తీగ భరించగల కరెంటును మాత్రం మించకూడదు. ఈ రెండు అంకెల మధ్య చోటు లేకపోతే మార్చవలసింది తీగను. ఫ్యూజును ముట్టుకోకూడదు.

కింది హద్దు లెక్కలోనే కన్వర్టర్ మిగతా సామాన్ల కంటే భిన్నంగా ప్రవర్తిస్తుంది. నేటి కన్వర్టర్లు ఎక్కువగా స్విచ్చింగ్ రకానివి, అంటే కరెంటును చాలా వేగంగా ఆపుతూ వదులుతూ వోల్టేజి దించేవి. లోపలికి వచ్చే శక్తి, బయటికి పోయే శక్తి దాదాపు సమానంగా ఉంటాయి, కొంత వేడిగా పోతుంది. బయటికి 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు ఇస్తే అది 120 వాట్లు. సామర్థ్యం 85 శాతం అనుకుంటే లోపలికి 141 వాట్లు కావాలి. ఇంజను నడుస్తూ 28 వోల్టులు ఉన్నప్పుడు ఇది 5 ఆంపియర్లు. ఇంజను ఆపి, బ్యాటరీలు 24 దగ్గర ఉంటే 5.9. రాత్రంతా దాబా దగ్గర ఆపి ఫ్యాను తిప్పుకుంటే బ్యాటరీలు దిగి 21 వోల్టులకు వస్తే 6.7 ఆంపియర్లు. వోల్టేజి తగ్గేకొద్దీ కరెంటు పెరుగుతుందన్నమాట. హెడ్‌లైటు బల్బు దీనికి పూర్తిగా విరుద్ధం, వోల్టేజి తగ్గితే అది మసకబారి తక్కువ కరెంటే తీసుకుంటుంది. అందుకే కన్వర్టర్‌కు ఫ్యూజు చూసేటప్పుడు లెక్క వేయవలసింది బ్యాటరీ నిండుగా ఉన్నప్పటి కరెంటు మీద కాదు, బాగా దిగిపోయినప్పటి కరెంటు మీద. నడిచినంతసేపు ఏమీ కాని ఫ్యూజు తెల్లవారుజామున బండి ఆగి ఉన్నప్పుడు ఎందుకు పోయిందో చాలామందికి అంతుపట్టదు. ఈ లెక్కే దానికి జవాబు.

పాత తరం డ్రాపర్ల సంగతి వేరు. వాటిలో స్విచ్చింగ్ ఉండదు, అదనపు వోల్టేజి మొత్తాన్ని వేడిగా పారబోస్తాయి. లోపలికి ఎంత కరెంటో బయటికీ అంతే. 28 వోల్టులను 12కు దించుతూ 10 ఆంపియర్లు ఇచ్చే డ్రాపర్ 160 వాట్లను వేడిగా వదులుతుంది, అంటే లోడుకు ఇచ్చే 120 వాట్ల కంటే వేడే ఎక్కువ. బరువైన అల్యూమినియం రెక్కలు, చెయ్యి పెట్టలేని వేడి ఉంటే అది డ్రాపర్ అని అనుమానించవచ్చు. రెంటినీ ఒకే గాటన కట్టి ఫ్యూజు వేయకూడదు. స్విచ్చింగ్ రకానికి సగం కరెంటుతో సరిపోయేచోట దీనికి పూర్తి 10 ఆంపియర్ల లెక్క వేయాలి.

ఇప్పుడు 6.7 ఆంపియర్లకు 7.5 ఫ్యూజు చాలదా? కాగితం మీద చాలుతుంది. బండిలో చాలదు. ఫ్యూజు మీది అంకె అది ఎక్కడ తెగుతుందో చెప్పే గీత కాదు. వాహనాల బ్లేడు ఫ్యూజులకు (రెండు చదునైన కాళ్లున్న ప్లాస్టిక్ ఫ్యూజులు) వర్తించే ఐఎస్‌ఓ 8820 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం తన అంకెకు 110 శాతం కరెంటు పారినా ఫ్యూజు కనీసం 100 గంటలు నిలవాలి. 135 శాతం దగ్గర ముప్పావు సెకను నుంచి 10 నిమిషాల లోపు ఎప్పుడైనా కరగవచ్చు. రెట్టింపు కరెంటు వస్తే 5 సెకన్ల లోపు తెగాలి. ఈ అంకెలన్నీ మామూలు గది వేడిలో చేసిన పరీక్షలవి. నిరంతరం పారే కరెంటు ఫ్యూజు అంకెలో ముప్పావు వంతు మించకుండా చూసుకోవడం ఈ రంగంలో స్థిరపడిన పద్ధతి. 6.7ను 0.75తో భాగిస్తే 8.9 వస్తుంది. దొరికే ఫ్యూజుల్లో దానికి పై మెట్టు 10. కనుక స్విచ్చింగ్ కన్వర్టర్‌కు 24 వోల్టుల వైపు 10 ఆంపియర్ల ఫ్యూజు, అదే కన్వర్టర్ నుంచి 12 వోల్టుల వైపు పూర్తి 10 ఆంపియర్లు వాడుకుంటే అక్కడ 15 ఆంపియర్లది. ఒకే డబ్బాకు రెండు వైపులా రెండు వేర్వేరు ఫ్యూజులు రావడం చూసి ఏదో పొరపాటు జరిగిందనుకోనక్కర్లేదు.

ఎండల సంగతి ఇక్కడ తప్పక చెప్పాలి. రోహిణి కార్తెలో నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో పగటి వేడి 40 డిగ్రీలు దాటడం మామూలే. ఎండలో తలుపులు మూసి నిలిపిన క్యాబిన్‌లో డ్యాష్‌బోర్డు 60 డిగ్రీలను మించుతుంది. ఫ్యూజు అనేది వేడికి కరిగే లోహపు ముక్క. చుట్టూ గాలి ముందే వేడెక్కి ఉంటే అది కరగడానికి కావలసిన కరెంటు తగ్గుతుంది. 65 డిగ్రీల దగ్గర ఈ తగ్గుదల సుమారు పదో వంతు ఉంటుంది. అంటే 7.5 ఆంపియర్ల ఫ్యూజు మే నెల మధ్యాహ్నం 6.75 ఆంపియర్ల ఫ్యూజులా ప్రవర్తిస్తుంది, మన కన్వర్టర్ 6.7 లాగుతోంది. సంక్రాంతి నాటికి బాగానే ఉన్న బండి ఎండాకాలంలో వారానికో ఫ్యూజు తినడానికి ఇదే కారణం. డ్రైవరు విసిగిపోయి ముప్పై ఆంపియర్లది అడిగేదీ అప్పుడే. కావలసింది ఒక్క మెట్టు పైకి, 10కి వెళ్లడం. ఐదు మెట్లు ఎక్కిపోవడం కాదు.

ముప్పై వేస్తే ఏమవుతుందో లెక్కగానే చూడవచ్చు. బ్యాటరీ నుంచి క్యాబిన్ దాకా 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేశారనుకుందాం, ఇళ్ల వైరింగులో లైట్లకు వాడే తీగ అంతే లావు. మీటరు తీగకు నిరోధం 0.0115 ఓములు. 6.7 ఆంపియర్లు పారితే మీటరుకు అర వాటు వేడి పుడుతుంది, తీగ వెచ్చబడినట్టు కూడా తెలియదు. చాసిస్‌కు, అంటే బ్యాటరీ నెగటివ్ కలిసి ఉండే లారీ ఇనుప చట్రానికి, రాసుకుని రాసుకుని పై తొడుగు అరిగి, పూర్తి షార్ట్ కాకుండా అరకొరగా తగులుతూ 25 ఆంపియర్లు పారాయనుకోండి. మీటరుకు 7 వాట్లు దాటుతుంది, అంటే దాదాపు 14 రెట్లు. 30 ఆంపియర్ల ఫ్యూజుకు అది మామూలు రోజే, ఎంతసేపైనా ఊరుకుంటుంది. మామూలు పీవీసీ తొడుగు తట్టుకునేది 70 డిగ్రీలు. మిగతా తీగలతో కట్ట కట్టి, సీటు కింద గాలి ఆడని చోట ఉన్న తొడుగు మెత్తబడి పక్క తీగకు అతుక్కుంటుంది. ఆ పక్క తీగ దేనిదైనా కావచ్చు. పూర్తి షార్ట్ అయితే వందల ఆంపియర్లు ఒక్కసారిగా పారి ఏ ఫ్యూజైనా తెగుతుంది. అసలు భయం ఈ అరకొర షార్ట్‌ల గురించే.

తీగ కొనేటప్పుడు లావు ఒక్కటే చూస్తే చాలదు. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న తీగలు బజారులో రాగి తీగలుగానే చెలామణీ అవుతున్నాయి. అదే లావుకు వాటి నిరోధం ఎక్కువ, వేడీ ఎక్కువ. కత్తితో ఒక పోగును గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. నిఖార్సైన రాగి అయితే 10 ఆంపియర్ల ఫ్యూజు కింద 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ భద్రతకు సరిపోతుంది. దూరం ఐదు మీటర్లు ఉంటే వోల్టేజి తరుగు తగ్గడానికి 2.5 వేయడం మేలు. కన్వర్టర్‌ను బ్యాటరీ పెట్టె దగ్గర కంటే క్యాబిన్‌లో, వాడే సామాన్ల పక్కనే బిగించడం ఇంకా మంచిది. అప్పుడు పొడవైన తీగలో పారేది 24 వోల్టుల వైపు చిన్న కరెంటే.

ఫ్యూజు తెగినప్పుడు రాగి పోగు చుట్టడం అనే అలవాటు గురించి కూడా గట్టిగా చెప్పాలి. 0.2 మిల్లీమీటర్ల మందం ఉన్న ఒక్క రాగి పోగు కరగడానికి సుమారు 7 ఆంపియర్లు కావాలని పాత ప్రీస్ సూత్రం చెబుతుంది. నాలుగు పోగులు మెలిపెట్టి చుట్టితే అది పాతిక దాటుతుంది. ఎన్ని పోగులు చుట్టారో చీకట్లో రోడ్డు పక్క ఎవరూ లెక్కపెట్టరు. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టడమూ ఇలాంటిదే.

ఫ్యూజు ఎక్కడ పెట్టాలన్నది ఎంత ఆంపియర్లన్నంత ముఖ్యం. క్యాబిన్‌లో చేతికందేలా, కన్వర్టర్ పక్కనే ఫ్యూజు పెట్టడం చూడటానికి బాగుంటుంది. అలా పెడితే బ్యాటరీ నుంచి అక్కడి దాకా ఉన్న ఐదు మీటర్ల తీగకు ఏ రక్షణా లేనట్టే. చాసిస్ వెంట రాళ్లదుమ్ము, నీళ్లు, అదుర్ల మధ్య పాకే భాగం కూడా అదే. లారీ బ్యాటరీని షార్ట్ చేస్తే వెయ్యి ఆంపియర్లకు పైగా పారగలదు. ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌కు జానెడు దూరంలోపు ఉండాలి. ఎర్త్ (నెగటివ్) వైపు ఫ్యూజు పెట్టడం వల్ల లాభం లేదు. పాజిటివ్ తీగ చాసిస్‌కు తగిలితే కరెంటు ఆ ఫ్యూజును తాకకుండానే బ్యాటరీకి తిరిగి చేరుతుంది.

తీర ప్రాంతంలో మరో చిక్కు ఉంది. కొత్తపట్నం నుంచి కృష్ణపట్నం దాకా ఉప్పుగాలి తగిలే రోడ్ల మీద, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండ్లలో ఫ్యూజు హోల్డర్ల రేకులు త్వరగా చిలుము పడతాయి. కాంటాక్టు వదులై అక్కడ 0.02 ఓముల నిరోధం వచ్చి చేరిందనుకుందాం. 20 ఆంపియర్లు పారే లైనులో ఆ ఒక్క చోటే 8 వాట్ల వేడి పుడుతుంది. బొటనవేలంత ప్లాస్టిక్ హోల్డర్ కరిగి నల్లబడటానికి అది చాలు. విచిత్రమేమిటంటే కరెంటు తన హద్దులోనే ఉంది కనుక ఫ్యూజు తెగనే తెగకపోవచ్చు. ఫ్యూజు కరెంటును చూడగలదు, పక్కన కరుగుతున్న ప్లాస్టిక్‌ను చూడలేదు. స్ప్రింగుతో బిగిసే గాజు ఫ్యూజు హోల్డర్లలో ఈ బాధ ఎక్కువ. రబ్బరు మూత ఉన్న బ్లేడు హోల్డర్ వాడటం, వర్షాకాలం ముందు ఒకసారి విప్పి శుభ్రం చేయడం తప్ప దీనికి దగ్గర దారి లేదు.

ఫ్యూజు చేయలేని పని మరొకటి ఉంది. కన్వర్టర్ లోపల కరెంటును ఆపి వదిలే ట్రాన్సిస్టర్ (మాస్‌ఫెట్) షార్ట్ అయితే 24 వోల్టులు నేరుగా 12 వోల్టుల సామాన్ల మీద పడతాయి. పాటల సెట్టు కాలిపోయేదాకా కరెంటు పెద్దగా పెరగకపోవచ్చు, కనుక ఫ్యూజు ఊరుకుంటుంది. మంచి కన్వర్టర్లలో దీనికోసం క్రోబార్ సర్క్యూట్ ఉంటుంది. బయటి వోల్టేజి హద్దు దాటగానే అది కావాలని షార్ట్ చేస్తుంది, అప్పుడు ఫ్యూజు తెగి లైను ఆగుతుంది. ఈ ఏర్పాటు పనిచేయాలంటే ఇన్‌పుట్ ఫ్యూజు సరైన అంకెదే ఉండాలి. ముప్పై వేసిన బండిలో ఫ్యూజు తెగేలోపే క్రోబార్ కాలిపోయి, దాని వెనకే సామాన్లూ పోవచ్చు. ఎక్కువ వోల్టేజి నుంచి రక్షణ ఉందా అని కొనే ముందే అడగాలి. సామాన్ల మొత్తం విలువతో పోలిస్తే ధరలో తేడా చిన్నది.

12ను 230 చేసే ఇన్వర్టర్లకూ ఇదే సూత్రం, అంకెలు మాత్రం భయపెట్టేలా ఉంటాయి. కార్లలో సిగరెట్ లైటర్ సాకెట్‌కు ఉండే ఫ్యూజు చాలావరకు 10 నుంచి 20 ఆంపియర్ల మధ్యది. 15 ఆంపియర్ల సాకెట్ నుంచి నిరంతరంగా తీసుకోగలిగేది సుమారు 135 వాట్లు, ఇన్వర్టర్ నష్టం పోగా 115. అక్కడ 300 వాట్ల ఇన్వర్టర్ గుచ్చి పూర్తిగా వాడాలనుకోవడం అత్యాశ. దానికి బ్యాటరీ దిగినప్పుడు 32 ఆంపియర్లు కావాలి, 50 ఆంపియర్ల మ్యాక్సీ (పెద్ద సైజు బ్లేడు) ఫ్యూజుతో, 10 చదరపు మిల్లీమీటర్ల తీగతో నేరుగా బ్యాటరీ నుంచి లైను తీయాలి. వెయ్యి వాట్లది అయితే 107 ఆంపియర్లు దాటుతుంది. మామూలు సైజు బ్లేడు ఫ్యూజులు 40 దగ్గరే ఆగిపోతాయి, కనుక బోల్టుతో బిగించే 150 ఆంపియర్ల ఫ్యూజు, 35 చదరపు మిల్లీమీటర్ల కేబులు అవసరం.

ఇప్పుడు నెల్లూరు, ఒంగోలు వీధుల్లో తిరుగుతున్న ఎలక్ట్రిక్ ఆటోల దగ్గర ఇంకో ప్రమాదం పొంచి ఉంది. వాటిలో 48 లేదా 60 వోల్టుల బ్యాటరీ నుంచి లైట్లకు, హారన్‌కు 12 వోల్టులు ఇచ్చే కన్వర్టర్ ఉంటుంది. 48 వోల్టుల బండిలో పది ఆంపియర్లు ఇచ్చే కన్వర్టర్ బ్యాటరీ దిగినప్పుడు లాగే కరెంటు కూడా 3.4 ఆంపియర్లే, 5 ఆంపియర్ల ఫ్యూజు చాలు. కరెంటు చిన్నదే కదా అని లారీలో వాడే బ్లేడు ఫ్యూజే వేసేస్తున్నారు. మామూలు బ్లేడు ఫ్యూజు 32 వోల్టుల వరకే తయారైంది, దాని ఒంటి మీదే ఆ అంకె ఉంటుంది. 24 వోల్టుల లారీ చార్జింగులో 28 దాకా పోయినా హద్దు దాటదు. 48 వోల్టుల బ్యాటరీ చార్జింగులో 58కి, 60 వోల్టులది 70 పైకి చేరుతుంది. అప్పుడు షార్ట్ అయితే లోహం కరిగి తెగిన చోట నిప్పు మెరుపు పుట్టి ఆగకుండా కొనసాగవచ్చు. ఇంటి కరెంటు 50 సైకిళ్లది, సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది కనుక మెరుపు తనంతట తాను ఆరే అవకాశం దొరుకుతుంది. బ్యాటరీ కరెంటుకు ఆ సున్నా లేదు. గాజు ఫ్యూజు మీది 250 వోల్టులన్న అంకె కూడా ఇంటి కరెంటుకు వర్తించేది, బ్యాటరీకి దాన్ని నమ్మకూడదు. 48, 60 వోల్టుల బండ్లకు డీసీ 80 వోల్టులని రాసి ఉన్న ఫ్యూజు వెతికి తెచ్చుకోవాలి. ఊళ్లో దొరకకపోతే తెప్పించుకోవాలి, సర్దుకుపోవడానికి ఇక్కడ వీలులేదు.

పోయిన ఫ్యూజును పారేసే ముందు వెలుతురులో ఒకసారి చూడాలి. మధ్యలో సన్నగా కరిగి తెగి, చుట్టూ శుభ్రంగా ఉంటే కరెంటు కొద్దికొద్దిగా ఎక్కువై తెగినట్టు, అంటే లోడు పెరిగింది లేదా ఫ్యూజు చిన్నది. లోపల నల్లగా మసిపట్టి లోహం చిమ్మినట్టుంటే షార్ట్, తీగ ఎక్కడ రాసుకుందో వెతకాలి. లోహం బాగానే ఉండి కాళ్ల దగ్గర ప్లాస్టిక్ కరిగితే తప్పు హోల్డర్‌ది. కొత్తది వేసిన వెంటనే మళ్లీ పోతే మూడోది వేయకుండా కన్వర్టర్ లైను విప్పి పక్కన పెట్టి బండి నడపవచ్చు, పాటలు లేకపోయినా లారీ ఊరు చేరుతుంది. ఇందుకోసం డ్యాష్‌బోర్డు అరలో ఎరుపు రంగు పదివి నాలుగు, నీలం పదిహేనువి రెండు ఉంచుకుంటే చాలు. ఆకుపచ్చ ముప్పైవి ఆ అరలో అసలు ఉండకూడదు.